లెక్కలోకి రాని బొటనవేలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను ఇరవై ఆరేళ్లు చక్కెర వండి పొట్ట పోసుకున్నవాణ్ణి. అయినా చక్కెర గురించి నాకు తెలియని సంగతి ఒకటుందని చెప్పింది మా కెమిస్టు కాదు, డాక్టరు కూడా కాదు. క్రిస్మస్ ముందు గర్జెల డబ్బా పట్టుకొచ్చిన ఒక అక్క. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నా కాళ్ల కింద నేల కదిలినంత పనైంది.

బోధన్ చెరకు ప్రాంతంలో అప్పుడున్న మిల్లుల్లో ఒకదానిలో నేను పాన్‌మ్యాన్‌ని. నమిలే పాన్ అనుకునేరు. ఇది రెండు నిలువుల ఎత్తున్న ఇనుప గంగాళం. చిక్కబడ్డ చెరకు రసం అందులో ఉడుకుతూ పలుకు కడుతుంది. ఆ పలుకును పుట్టించి, పెంచి, సరైన సైజుకు రాగానే కిందికి దించడం నా పని. పాన్ పక్కన ఇత్తడి కడ్డీ ఒకటి ఉంటుంది. అది లాగితే లోపలి పాకం కాస్త చేతికొస్తుంది. కొంత గాజు పలక మీద రాసి వెలుతురుకు పట్టి చూడాలి. మిగిలింది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది తీగ సాగదీయాలి. పాకం బిగిసిపోతుంటే వెంటనే నీళ్లు వదలాలి. ఆలస్యం చేశామా, అసలు పలుకుల నడుమ పిండిలాంటి దొంగ పలుకు పుట్టి మొత్తం పాన్ పాడవుతుంది. దాన్ని మళ్లీ కరిగించి మొదటి నుంచి వండుకోవాలి.

నాకు ఈ పని నేర్పినాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. పెద్ద పాన్‌మ్యాన్. మొదటి రోజే నా చెయ్యి పట్టుకొని చెప్పాడు. “సూడు బేటా, గీ పనికి మూడే సామాన్లు. కన్ను, ఏలు, నాలుక. మిగతాదంతా ఇనుము.” ఆయన గాజు పలక చూసి, తీగ సాగదీసి, ఆఖరున బొటనవేలు నోట్లో పెట్టుకొనేవాడు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను.

తొంభైల చివర్లో, గానుగ సీజన్ మొదలైన పది రోజులకు, మిల్లులో కార్మికులకు రక్తపరీక్ష చేశారు. పరగడుపున రమ్మన్నారు. నేను రాత్రి డ్యూటీ దిగి నేరుగా వెళ్లి వరసలో నిలబడ్డాను. ముందురోజు సాయంత్రం ఏడింటికి ఇంట్లో తిన్నదే. చాయ్ కూడా తాగలేదు. ఇంతకన్నా పరగడుపు ఏముంటుందని నా ధీమా.

“నూట పద్దెనిమిది,” అన్నాడు కాంపౌండరు. “బార్డర్ మీదున్నవన్నా. ఇంకింత పెరిగితే షుగరే.”

వరసలో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. నవ్వరా మరి? నేను యాభై ఒక్క కిలోలు. అయిదడుగుల ఏడంగుళాల మనిషిని. చొక్కా నా మీద కంటే దండెం మీదే నిండుగా కనిపించేది. షుగరు అంటే బొజ్జలున్న సేట్లకొచ్చే రోగమని మాకందరికీ గట్టి నమ్మకం.

“అరే, గీ బొక్కల గూడుకు షుగరా!” అని ఉస్తాద్ నా వీపు మీద చరిచాడు. “మిషన్ ఖరాబ్ అయినట్టుంది, బేటా.”

నేనూ పళ్లికిలించాను గానీ నాకు నవ్వు రాలేదు. మా బాపు కూడా నాలాగే వెదురు బద్ద. కమ్మర్‌పల్లి దగ్గర పసుపు చేలల్లో బతుకంతా వంగి పనిచేసినవాడు. ఒక ఎండాకాలం కాలికి చెప్పు కరిచింది. ఆ పుండు ఆరునెలలైనా మానలేదు. చివరికి పాదం తీసేసినప్పుడు గానీ ఆయనకు షుగరుందని ఎవరికీ తెలియలేదు. సన్నగా ఉన్నాడు కదా, ఎవరు అనుమానిస్తారు? ఆ తరువాత మంచం మీద కూర్చొని, లేని పాదం దురద పెడుతోందని చెయ్యి చాచి, సగంలో ఆగిపోయేవాడు. నేను చూడనట్టు తల తిప్పుకొనేవాణ్ణి. నా ఉద్యోగమేమో ఎనిమిది గంటలూ పాన్ దగ్గర నిలబడి చేసేది. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది.

భయపడ్డ మనిషికి సలహాలు చెప్పేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఒకరు కాకరకాయ రసమన్నారు. ఒకరు నేరేడు గింజల పొడి. పక్కింటాయన తినడం తగ్గిస్తే షుగరు దానంతటదే తగ్గుతుందన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నేను చాయ్‌లో చక్కెర మానేశాను. నూనె మానేశాను. గుడ్డు వేడి చేస్తుందని, పల్లీలు కొవ్వని, పప్పు వాతమని వాటినీ మానేశాను. రెండు పూటలా పిడికెడు అన్నం, పచ్చిపులుసు. అంతే.

“నువ్వు గింతనే తింటే ఒకనాడు డ్యూటీల కూలవడ్తవ్,” అని మా ఇంటావిడ మొత్తుకుంది. “ఉన్నదే పుల్ల, దాన్ని ఇంకా చెక్కుతవా?”

“నాకు కాళ్లు గావాలె,” అన్నాను.

“కాళ్లు గావాలంటే కాళ్లకు తిండి వెట్టాలె గద!”

ఆమె చెప్పిందే నిజమైంది. నెల తిరిగేసరికి నాకు సాయంత్రాలు చేతులు వణకసాగాయి. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీలో పాన్ దించడానికి ఇంకో అరగంట ఉందనగా కళ్లు బైర్లు కమ్మాయి. కడ్డీ పట్టుకొని నిలబడ్డానంతే. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్ల వాల్వు తిప్పాలన్న సంగతి గుర్తొచ్చి గాజు పలక చూసేసరికి, పలుకుల మధ్య పిండి జల్లినట్టు దొంగ పలుకు. ఇన్నేళ్లలో నా చేతి మీద పాన్ పాడవడం అదే మొదలు.

ఉస్తాద్ తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను కిందికి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి, “సాబ్‌కు నేను జెప్పుకుంట,” అన్నాడు. “గని ఇంకోపారి గిట్లయితే నా మాట నడువదు బేటా. నిన్ను బస్తాల గోదాంల ఏస్తరు. సచ్చేదాకా బస్తాలు లెక్కవెట్టుకుంట కూసోవాలె.”

గోదాంలో పనిచేసేవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. కానీ పలుకు పుట్టే క్షణం చూసినవాడికి బస్తా కుట్టు చూస్తూ బతకమంటే ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

ఇక లాభం లేదని నిజామాబాద్‌లో ఒక షుగరు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. పరగడుపు పరీక్ష ఉంటుందని తెలుసు కాబట్టి ఆసారి కూడా రాత్రి డ్యూటీ దిగి, మొదటి బస్సెక్కి పోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంట్లో పడుకొని లేస్తే మనసు చాయ్ మీదికి పోతుంది, డ్యూటీలో ఉంటే ఆ గోలే లేదు కదా!

నూట ఇరవై ఒకటి వచ్చింది. బరువు నలభై ఆరు కిలోలు.

డాక్టరమ్మ కాగితం చూసింది, నన్ను చూసింది, మళ్లీ కాగితం చూసింది. ఇంట్లో ఎవరికైనా షుగరుందా, నేనేం తింటున్నానో చెప్పమంది. చెప్పాను. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది.

“తగ్గడానికి మీ దగ్గర ఏముందని తగ్గారండీ? బొజ్జ ఉన్నవాళ్లకు చెప్పే మాట మీరెందుకు విన్నారు? మీరు కండ కరిగించుకున్నారు. తిన్న చక్కెరను ఖర్చుపెట్టేదే ఆ కండ. మీరు తక్కువ తినకూడదు, మార్చి తినాలి.”

నాకది వింతగా అనిపించింది. షుగరు డాక్టరు తినమని తిట్టడం ఎక్కడైనా విన్నారా? ఆమె కాగితం మీద రాసిచ్చింది. అన్నం పూటకు ఒక కప్పు. దాని పక్కన పప్పు, కూరగాయ ఎక్కువ. రోజూ గుడ్డు. పల్లీలు గుప్పెడు, పెరుగు, ఉడికించిన పెసర, శనగ గుడాలు. జొన్న రొట్టెలైనా రెండే, రొట్టె మంచిదని అయిదు లాగిస్తే అదీ అన్నంతో సమానమేనట. తిన్నాక పావుగంట నడక. బరువు మళ్లీ యాభై దాటాలి. మాత్రలు ఇప్పుడే వద్దంది.

కానీ ఆమెకు ఒక సంగతి అర్థం కాలేదు. “ఇంత తక్కువ తిని, పరగడుపున వస్తే, ఇంత ఎందుకుంది?” అని తనలో తను అనుకుంటున్నట్టు అడిగింది. “ఎక్కడ పని మీకు?”

“చక్కెర మిల్లుల, మేడం.”

“అక్కడ చక్కెర తింటుంటారా?”

నాకు కోపమొచ్చింది. “ఛ, మిఠాయి జేసేటోడు మిఠాయి తింటడా మేడం? మాకు మొకం మొత్తి ఉంటది.”

నేను అబద్ధం చెప్పలేదు. నమ్మి చెప్పాను. ఆమె తల ఊపి, ఒక నోట్‌బుక్కు కొనుక్కొని నోట్లోకి పోయే ప్రతిదీ రాయమంది.

రాశాను. అబ్బో, ఎంత శ్రద్ధగా రాశానో! పెసర గుడాలు ఒక గిన్నె. ఉడికిన గుడ్డు ఒకటి. చక్కెర లేని చాయ్ సగం కప్పు. ఇంటావిడ కూరలో ఎన్ని చెంచాల నూనె వేసిందో కూడా అడిగి రాసేవాణ్ణి. “మీ డాక్టరమ్మకు ఉప్పు గూడ జెప్పాల్నా?” అని ఆమె వెక్కిరించేది గానీ, మనసులో సంబరమే. ఆమె కట్టిచ్చే గుడాల టిఫిను డబ్బా రోజురోజుకూ బరువెక్కింది. నా చేతుల వణుకు వారంలో పోయింది. నాలుగు ముద్దలు సరిగ్గా పడితే మనిషికి లోకం మీద ఎంత ప్రేమ పుడుతుందో అప్పుడు తెలిసింది నాకు.

ఇంతలో క్రిస్మస్ వచ్చింది. మా ల్యాబు నుంచి గంటగంటకూ వచ్చి పాకం శాంపిలు డబ్బాల్లో పట్టుకుపోయే అక్క ఒకామె ఉండేది. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మిల్లు వెనక కాలనీలో చర్చి పక్కనే ఇల్లు. ఏటా పండుగకు ముందురోజు గర్జెలు, అంటే కజ్జికాయలు, చేసి పాన్ ఫ్లోరు మొత్తానికి పంచేది. లోపల నువ్వులు, బెల్లం, కొబ్బరి. పైన వేలికంటేంత సన్నటి చక్కెర పొడి. ఆ ఏడూ నా ముందు డబ్బా మూత తీసింది.

“వద్దక్కా,” అన్నాను. “నాకు షుగరు బార్డర్ మీదుంది. తీపి పూరా బంద్.”

ఆమె ముఖం చిన్నబోయింది. “ఒక్కటి తమ్మీ. పండుగ గదా.”

“అర్ధం గూడ వద్దు. నోట్‌బుక్కుల రాయాలె. డాక్టరమ్మ సూస్తది.” గొప్పగా అని, పాన్ వైపు తిరిగాను. కడ్డీ లాగాను. గాజు పలక చూశాను. తీగ సాగదీశాను. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను.

“ఓ తమ్మీ,” అంది అక్క వెనక నుంచి. గొంతులో వేడి తెలుస్తోంది. “గిది రాసినవా బుక్కుల?”

“ఏది?”

“గిప్పుడు నాకినవ్ గదా ఏలు, గది. పొద్దుగాల్నుంచి ఎన్నిపార్లు నాకినవ్? నేను గంటగంటకొచ్చి సూస్తనే ఉన్న. గదానికి షుగరు రాదు గని, నా ఇంటి గర్జెకే వస్తదా? మా ఇంటి తిండి వద్దంటే వద్దను, నాకేం బాధ లేదు. గిసొంటి సాకులు జెప్పకు.”

నా వేలు ఇంకా నోట్లోనే ఉంది. తీశాను. దాన్ని అంతకు ముందెన్నడూ చూడనట్టు చూశాను. నిజం చెబుతున్నాను, అది తినడమన్న ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. అది పని! వడ్రంగి చెక్క మీద ఊది పొట్టు పోగొట్టినట్టు, నేను వేలు నాకుతాను. ఎనిమిది గంటలూ. పాన్ దించే ముందైతే రెండు మూడు నిమిషాలకోసారి.

పరగడుపు సంగతి ఆ తరువాత తట్టింది. రాత్రి డ్యూటీ దిగి పరీక్షకు పోయాను. రెండుసార్లూ! తెల్లారేదాకా చక్కెర నాకి, లాలాజలం కూడా ఆరకముందే చెయ్యి చాచి, పరగడుపున వచ్చానని చెప్పాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అక్కకు దండం పెట్టినంత పనిచేశాను.

“నీ గర్జెను గాదక్కా నేను కాదన్నది. నాకు తెల్వదు. నా అసొంటి మూర్ఖుడు ఉంటడా?”

ఆమె నన్ను చూసి కోపం మరిచిపోయి పకపకా నవ్వింది. ఆ తరువాత మాత్రం నవ్వు ఆపి అడిగింది. “ఎంతుంటదంటవ్ తమ్మీ, దినానికి?”

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎంతుంటుంది? పండుగ మరునాడు పగటి డ్యూటీకి అక్క ల్యాబు నుంచి మూతున్న ఖాళీ డబ్బా తూచి తెచ్చిచ్చింది. వేలు నాకాల్సిన ప్రతిసారీ, నాకకుండా, వేలి మీది పాకం దాని అంచుకు గీకెయ్యాలి. డ్యూటీ దిగేటప్పుడు తూచాలి. చెప్పడానికి ఎంత తేలికో! కానీ చేయడం అట్లా కాదు. ఉస్తాద్ నేర్పిన మూడు సామాన్లలో ఒకటి పక్కన పెట్టి పాన్ వండాలి. పాడైందా, గోదాం. నాకుతూ పోయానా, బాపు పాదం. రెంటి మధ్యా నిలబడి కడ్డీ పట్టుకున్నాను.

మొదటి గంటలో చెయ్యి నా మాట వినలేదు. ఏమరుపాటున నాలుగుసార్లు నోటి దాకా వచ్చి ఆగింది. పలుకు పుట్టింది. పెరిగింది. దించే ముందు, పాకం బిగుస్తున్న వేళ, నాకు అనుమానం పట్టుకుంది. బిగువు సరిపోయిందా, మించిందా? కన్ను ఒకటి చెబుతోంది, వేళ్లు అదే చెబుతున్నాయి. నాలుక మాత్రం, నన్నడుగు, నన్నడుగు అంటోంది. ఉస్తాద్ ఎప్పుడొచ్చాడో నా వెనక నిలబడ్డాడు. అక్క అప్పటికే విషయం చెప్పేసినట్టుంది.

“ఏమంటుందిరా ఏలు?” అన్నాడు.

“నీళ్లు ఇడువమంటుంది ఉస్తాద్.”

“మరి నన్నేం సూస్తున్నవ్?”

వాల్వు తిప్పాను. ఇంకో పది నిమిషాలు ఉడకనిచ్చి పాన్ దించాను. ఉస్తాద్ గాజు పలక తీసుకొని కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు. ఒకే సైజు పలుకు, దుమ్ము లేదు, పిండి లేదు. పాకం తీసి తీగ సాగదీశాడు. అలవాటుగా బొటనవేలు నోటి దాకా పోనిచ్చి, పెదవుల దగ్గర ఆపేశాడు.

“నా ఉస్తాద్ నాకుతుండె, నేను నాకిన,” అన్నాడు మెల్లగా. “ముప్పై ఏండ్లాయె. గిది పని కోసమా, తీపి కోసమా అని ఒక్కనాడు అడుగలే బేటా.” వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ వారంలోనే ఆయన కూడా పరీక్షకు పోయాడు. ఆయన లెక్క బాగానే ఉందట. ఆ సంతోషంలో మాకందరికీ చాయ్ తాగించాడు, చక్కెర వేసి.

డబ్బా తూకం చెప్పలేదు కదూ? తొంభై రెండు గ్రాములు. అందులో ముప్పాతికకు పైగా చక్కెరేనని కెమిస్టు లెక్కగట్టి, చాయ్ చెంచాల్లో చెప్పాడు. పదహారు, పదిహేడు చెంచాలు. నేను ప్రాణం ఉగ్గబట్టుకొని చాయ్‌లో మానేసినవి దినానికి నాలుగు.

జనవరిలో వారం రోజులు పగటి డ్యూటీ చేసి, రాత్రి ఇంట్లో పడుకొని, డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నోట్‌బుక్కు ముందు పెట్టాను. ఒక పేజీ మీద ‘బొటనవేలు, 92 గ్రాములు’ అని చూసి ఆమె ఇదేమిటంది. చెప్పాను. ఆమె నవ్వింది, ఆ తరువాత ఆపకుండా ప్రశ్నలడిగింది. పాన్ అంటే ఏమిటి, తీగ ఎంత సాగాలి, ఎన్నిసార్లు చూస్తారు? రోగిని వదిలేసి చక్కెర వండడం నేర్చుకునేట్టు కనిపించింది. బయట జనం గొణుక్కున్నారు కూడా.

ఆరోజు లెక్క నూట తొమ్మిది. నేను ఎగిరి గంతేయబోయాను.

“ఆగండి,” అందామె. “ఇది వేలు తీసేసిన లెక్క. ఇది మీదే, మీ నాన్నగారు ఇచ్చింది. బార్డర్ మీదే ఉన్నారు. తిండి అట్లాగే నడవాలి, బరువు పెరగాలి.”

నా గంతు అక్కడే ఆగింది గానీ, విచిత్రం, ఆసారి భయమేయలేదు. తెలియని లెక్కకు భయపడతాం. తెలిసిన లెక్కతో కాపురం చేయొచ్చు. సీజన్ ముగిసేసరికి నేను యాభై రెండు కిలోలు. ఇంటావిడ నా చొక్కా ఒకటి బిగుతైందని వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను రిటైరయ్యాను. పరీక్షకు పోయినప్పుడల్లా ఇంకా అదే మాట, బార్డర్ మీదున్నారు, దాటలేదు అని. నోట్‌బుక్కులు ఇంట్లో అటక మీద ఒక మూట ఉన్నాయి. మొన్నటికి మొన్న లెక్క చూసుకున్నాను. బాపుకు పాదం తీసేసిన వయసు నేను దాటేశాను. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా పెరట్లో కూర్చొని, నా రెండు పాదాలూ బకెట్ నీళ్లతో కడుక్కొని, వేళ్ల సందుల్లో తడి లేకుండా తువ్వాలతో తుడుచుకున్నాను. ఏడుపొచ్చింది. బాపుకు ఒక నోట్‌బుక్కు కొనిచ్చేవాళ్లు లేకపోయారు.

క్రిస్మస్‌కు ఇప్పటికీ అక్క ఇంటికి పోతాను. ముందు పప్పుతో కప్పు అన్నం తిని, ఆ తరువాత ఒకే ఒక్క గర్జె. తిన్నాక వేలికి చక్కెర పొడి అంటుతుంది, చెయ్యి దానంతటదే నోటి వైపు లేస్తుంది. అక్క గదికి అవతల కూర్చొని ఉన్నా, చూపు ఆనకపోయినా, అది మాత్రం కనిపెడుతుంది.

“తమ్మీ, ఏలు!”

తుడుచుకుంటాను. వాళ్లింటి నుంచి మా ఇల్లు రెండు కిలోమీటర్లు. ఆమె మనవడు స్కూటరు మీద దింపుతానంటాడు ఏటా. తిన్నాక నడవాలి నాయనా అని చెప్పి, చెప్పులేసుకొని నడిచే వస్తాను.